తాష్కెంట్‌లో అచ్చయిన ఉర్దూ



హైటెక్ సిటీలో నౌకరీలు చేసే మన పిల్లలకు బాలానగర్ అంటే ట్రాఫిక్, ఫ్లైఓవర్, అంతే. వాళ్ళ దాదాల తరానికి బాలానగర్ అంటే ఐడీపీఎల్. 1961లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ కంపెనీ. రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసులో ఆపరేషన్ సామాను, మన హైదరాబాద్‌లో సింథటిక్ మందులు. మూడు కార్ఖానాలూ సోవియట్ యూనియన్ మదత్‌తో లేచినవే. ఇవాళ ఈ షహర్ చుట్టూ ఇన్ని మందుల కంపెనీలున్నాయంటే దాని వేరు ఆ గేటు లోపలే ఉంది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి కూడా మొదట అక్కడ పనిచేసినవారే.

మెషీన్లతో పాటు ఆ దేశం నుంచి మనకు ఇంకొకటి కూడా వచ్చింది. అచ్చుకాగితం. ఈ రోజు నా మజ్మూన్ దాని గురించి.

మా ఖాలూ ఐడీపీఎల్‌లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. వాళ్ళింట్లో ఒక రేకు పెట్టె నిండా పాత రిసాలాలే. తెలుగులో ‘సోవియట్ భూమి’, ఉర్దూలో ‘సోవియత్ దేస్’. నలభై దాటిన తెలుగువాళ్ళకు ఈ పత్రిక వేరేలా యాద్ ఉంటుంది: నున్నటి మందపాటి కాగితం, బడి తెరిచే రోజుల్లో నోటుబుక్కులకు అట్టలు వేయడానికి దాన్ని మించింది లేదు. లెక్కల పుస్తకం మీద నవ్వుతున్న ట్రాక్టర్ డ్రైవర్, సోషల్ పుస్తకం మీద పత్తి ఏరుతున్న ఉజ్బెక్ అమ్మాయి. చదివినవాళ్ళు తక్కువ, అట్ట వేసుకున్నవాళ్ళు ఎక్కువ. ఖాలూ మాత్రం చదివిన తర్వాతే అట్టకు ఇచ్చేవారు, అదీ అడిగి అడిగి విసుగెత్తాక.

ఈ పత్రికను నడిపింది ఢిల్లీలోని సోవియట్ రాయబార కార్యాలయం సమాచార విభాగం. 1948 నుంచి, ఇంగ్లీషుతో పాటు మన దేశంలోని ఎన్నో జబాన్లలో. పుస్తకాలు నేరుగా మాస్కో నుంచే అచ్చయి వచ్చేవి. వాటిని వేసే సంస్థ పేరు తెలుగులో ‘ప్రగతి ప్రచురణాలయం’, ఉర్దూలో ‘దారుల్ ఇషాఅత్ తరఖ్ఖీ’. రెండూ ఒకటే ఇల్లు. తెలుగు కితాబులు విశాలాంధ్ర దుకాణాల్లో, ఊరూరా తిరిగే వాళ్ళ పుస్తకాల వ్యాన్‌లో దొరికేవి. కాగితం దిట్టం, బైండింగు గట్టి, బొమ్మలు అందం, ధర మాత్రం వేరుశనక్కాయల పొట్లంతో పోటీ. నష్టానికి అమ్ముతున్నారని చూస్తేనే తెలిసిపోయేది. ఆ నష్టం భరించేది ఎవరు, ఎందుకు అనే సవాల్ మాత్రం కొనేవాడికి రాదు. చవగ్గా మంచి సరుకు దొరికితే ఎవరడుగుతారు?

తెలుగులో వీటికి తర్జుమా చేసినవాళ్ళు సామాన్యులు కారు. ఉప్పల లక్ష్మణరావు జర్మనీలో వృక్షశాస్త్రం చదివిన మనిషి, ‘అతడు-ఆమె’ నవల రాసినాయన. ఆయన మాస్కోలో ఏళ్ళ తరబడి ఉండి రష్యన్ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చారు. తర్వాత ఆర్వియార్ వచ్చారు. ‘నొప్పి డాక్టరు’ లాంటి పిల్లల కితాబులు మన ఇళ్ళలో ఒకరి తర్వాత ఒకరికి అందుతూ చిరిగిపోయేదాకా బతికాయి. టాల్‌స్టాయ్‌నీ, చేహోవ్‌నీ, గోర్కీనీ తెలుగు పల్లె గుమ్మం దాకా తెచ్చిపెట్టింది ఈ ఏర్పాటే. ఇది ఎహ్సాన్. కాదంటే బేఇన్సాఫీ.

కాని ఇది ప్రాపగండా కూడా.

ఈ మాట వినగానే మనకు అబద్ధం అనే అర్థం తోస్తుంది. దాని పుట్టుక వేరు. 1622లో రోమ్‌లో పోప్ తమ మజ్‌హబ్ వ్యాప్తి కోసం పెట్టిన సంఘం పేరులోంచి వచ్చిన లాటిన్ మాట అది. మన మాటల్లో చెప్పాలంటే తబ్లీగ్‌కు దగ్గర. రష్యన్ కమ్యూనిస్టులకైతే అది ఇజ్జత్ గల పని. 1920లో పార్టీ కేంద్ర కమిటీలో అందుకోసం ఒక విభాగమే పెట్టారు. ఆందోళన, ప్రచారం అనే రెండు మాటలు కలిపి ‘అగిట్‌ప్రాప్’ అన్నారు. కొద్దిమందికి చాలా విషయాలు చెప్పేవాడు ప్రచారకుడు, చాలామందికి ఒకటే విషయం చెప్పేవాడు ఆందోళనకారుడు. లెనిన్ 1902 నాడే ఈ ఫరక్ రాసిపెట్టాడు.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఖాలూ పోతాయే నాకు మదత్ చేశాడు, వాడికి తెలియకుండానే. మాధాపూర్‌లో ఒక కంపెనీలో వాడి పని లోకలైజేషన్. అమెరికాలో రాసిన ఒక యాప్ సందేశం తెలుగులో, ఉర్దూలో, తమిళంలో ఎట్లా కనిపించాలో చూడటం. ‘ఒకే మాట అందరికీ పంపితే పనికాదు చిచ్చా, ఎవరికి ఏది నచ్చుతుందో అదే ముందు పెట్టాలి, నచ్చనిది కింద పెట్టాలి, లేదా పెట్టొద్దు’ అన్నాడు. వాడు చెప్పింది బట్టలమ్మే యాప్ గురించి. నాకు మాత్రం పెట్టెలోని రెండు రిసాలాలు గుర్తొచ్చాయి. సోవియట్ హుకూమత్ ముసల్మాన్లతో మాట్లాడిన తీరును తారీఖ్ వారీగా పేర్చి చూస్తే కనిపించేది ఈ హునరే. వాళ్ళు చెప్పినదాంట్లో పచ్చి అబద్ధాలు మనం అనుకున్నంత లేవు. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పొద్దు అన్న ఎంపికలోనే అసలు పనంతా జరిగింది.

1917 నవంబరులో బోల్షెవిక్కులు గద్దెనెక్కారు. నెల తిరక్కుండానే, డిసెంబరు 3న, లెనిన్, స్టాలిన్ సంతకాలతో ఒక విజ్ఞప్తి వెలువడింది. రష్యాలోని, తూర్పు దేశాల్లోని కష్టజీవులైన ముస్లింలందరికీ అని దాని పేరు. వోల్గా, క్రిమియా తాతార్లనూ, తుర్కిస్తాన్ జనాన్నీ, చెచెన్లనూ పేరుపేరునా పిలిచారు. జార్ మీ మస్జిదులు కూల్చాడు, మీ ఆచారాలు తొక్కాడు, ఇకమీదట మీ ఈమాన్, మీ రివాజులు, మీ సంస్థలు ఎవరూ ముట్టుకోరు అని మాటిచ్చారు. చివర్లో ఈరానీలను, తుర్కులను, అరబ్బులను, హిందుస్తానీలను కూడా పలకరించారు. అప్పటికి మనమింకా అంగ్రేజుల కింద ఉన్నాం. మనతో ఆ ఇజ్జత్‌తో మాట్లాడిన పెద్ద హుకూమత్ దునియాలో ఇంకొకటి లేదు. ఇది మరిచిపోతే తర్వాతి తరాలు ఎందుకు నమ్మాయో అర్థం కాదు.

మాటతో ఆగలేదు. హజ్రత్ ఉస్మాన్ రజియల్లాహు అన్హు కాలం నాటిదని పేరున్న ప్రాచీన ఖురాన్ ప్రతి ఒకటి సమర్‌ఖంద్‌లో ఉండేది. 1869లో జార్ సైన్యం దాన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తీసుకుపోయింది. కొత్త సర్కారు 1917 డిసెంబరులోనే దాన్ని ముస్లిం ప్రతినిధుల చేతుల్లో పెట్టింది. అది ఉఫా వెళ్ళింది, తర్వాత కొన్నేళ్ళకు తాష్కెంట్ చేరింది. ఒక్క ముస్‌హఫ్ వాపస్ ఇవ్వడం వెయ్యి కరపత్రాల పని చేసింది. ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. తర్వాతి దశాబ్దాల్లో అదే ముస్‌హఫ్ మ్యూజియంలో గాజుపెట్టెలో ఉండిపోయింది. మళ్ళీ మజ్‌హబీ పెద్దల చేతికి వచ్చింది 1989లో.

1920 సెప్టెంబరులో బాకూలో తూర్పు జాతుల మహాసభ. రెండు వేలకు దగ్గరగా ప్రతినిధులు. వేదిక మీద జినోవియెవ్, పక్కా నాస్తికుడు, అంగ్రేజు సామ్రాజ్యవాదం మీద జిహాద్‌కు పిలుపిచ్చాడు. సభలో కత్తులు గాల్లోకి లేచాయి. అదే ఏడాది మన దేశం నుంచి ఖిలాఫత్ జోష్‌లో హిజ్రత్ చేసి అఫ్గానిస్తాన్ దాటిన నౌజవాన్లలో కొందరు తాష్కెంట్ చేరారు. 1920 అక్టోబరు 17న అక్కడే ఎం.ఎన్. రాయ్ ముందుండి భారత కమ్యూనిస్టు పార్టీ పెట్టినప్పుడు దాని కార్యదర్శి ముహమ్మద్ షఫీఖ్. ఖలీఫా కోసం ఇల్లు వదిలి లెనిన్ దగ్గర తేలిన ఆ కుర్రాళ్ళ కథ ఇంకెప్పుడైనా చెప్పుకుందాం, అది వేరే దాస్తాన్.

ఏడేళ్ళు గడిచాయి. 1927 మార్చి 8న ఉజ్బెకిస్తాన్‌లో ‘హుజూమ్’ మొదలైంది. హుజూమ్ అంటే మనకు గుంపు, ఒత్తిడి. అక్కడ వాళ్ళు వాడిన అర్థం దాడి. పబ్లిక్ మైదానాల్లో ఔరతులు పరంజీలు తీసి మంటల్లో వేయడం, బాజాలు, ఫొటోలు, సినిమా. చదువుకోవాలని, పని చేయాలని తహతహలాడిన అమ్మాయిలు అందులో నిజంగానే ఉన్నారు. కాని తీసిన ముసుగు లెక్క పార్టీ లెక్కగా మారింది. ఎంతమందితో తీయించావు అని కింది అధికారిని అడగటం మొదలైంది. మంటకూ బాజాకూ మధ్య నలిగింది ఆ ఔరతులే. ముసుగు తీసినందుకు సొంత మొహల్లావాళ్ళు, సొంత ఇంటివాళ్ళు వాళ్ళను వందల సంఖ్యలో ఖతల్ చేశారు. నూర్‌ఖోన్ అనే నర్తకిని 1929లో చంపింది ఆమె సొంత భాయే. ఇందులో సర్కారు జుల్మ్ ఒక్కటే చెప్పి మగవాళ్ళ జుల్మ్ దాచడం కూడా ఒక రకం ప్రాపగండా. మనవాళ్ళ వాట్సాప్‌లో తిరిగేది ఎక్కువగా ఆ రకమే.

ఆ సంవత్సరాల్లోనే మస్జిదుల మూత, ఔఖాఫ్ జప్తు, ఖాజీ అదాలత్‌ల రద్దు. ‘బెజ్‌బోజ్నిక్’ అనే పత్రిక, అంటే దేవుడు లేనివాడు, 1922 నుంచి 1941 దాకా సాగింది. పాద్రీ, రబ్బీ, ముల్లా ముగ్గురినీ కార్టూన్లలో ఉతికి ఆరేసేది. 1917లో ముట్టుకోమని మాటిచ్చినవన్నీ ముట్టుకున్నారు. వేలల్లో ఉన్న మస్జిదులు వందల్లోకి దిగాయి. ఖజాఖ్ గడ్డిమైదానాల్లో పశువులను లాక్కుని, ధాన్యం కోటాలు పెట్టి తెచ్చిన 1930-33 కరువులో పోయిన ప్రాణాలు పదిహేను లక్షలకు దగ్గరని చరిత్రకారుల అంచనా.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టేసేది మాత్రం లిపి సంగతి. ఉజ్బెక్, తాజిక్, తాతార్ భాషలు తరతరాలుగా అరబీ హర్ఫుల్లో రాసుకున్నారు. 1920ల చివర ఒక్కసారిగా లాటిన్‌కు మార్చారు. పదేళ్ళు నిండగానే, 1940 ప్రాంతంలో, మళ్ళీ రష్యన్ హర్ఫుల్లోకి మార్చారు. అక్షరాస్యత పెరిగింది, అది నిజం. సోవియట్ భూమిలో ఆ అంకెలు ముచ్చటగా ఉండేవి. కాని చదువు నేర్చిన ఆ మనవడు దాదా రాసిన ఖత్ చదవలేడు. ఇంట్లో పాత కితాబు ఉంటే ముల్లా అన్న అనుమానం, అనుమానం వస్తే అరెస్టు. జనం వాటిని గోడల్లో పెట్టి మట్టి మెత్తారు, తోటల్లో పాతిపెట్టారు. ఇప్పటికీ పాత ఇళ్ళు పగలగొట్టినప్పుడు గోడల్లోంచి కితాబులు రాలుతుంటాయి.

ఉజ్బెక్ జబాన్‌లో మొదటి నవల రాసిన అబ్దుల్లా ఖాదిరీ, షాయర్ చోల్‌పాన్, ఆలిమ్, నాటకకర్త ఫిత్రత్. ముగ్గురూ ఖౌమ్‌ను కొత్త చదువుల వైపు నడిపించాలనుకున్న జదీదీలు. ఎవరూ పాతకాలపు ముల్లాలు కారు. ముగ్గురినీ 1938 అక్టోబరు 4న కాల్చి చంపారు.

1941లో హిట్లర్ దండెత్తాడు. ముసల్మాన్ సిపాయిల దిల్ గెలవాలి. 1943 అక్టోబరులో తాష్కెంట్‌లో మధ్య ఆసియా ముస్లింల మజ్‌హబీ బోర్డు పుట్టింది. దానికి ముఫ్తీగా ఇషాన్ బాబాఖాన్, 1957 నుంచి ఆయన బేటా జియావుద్దీన్ బాబాఖానోవ్. యుద్ధం ముగిశాక బుఖారాలో మీర్-ఎ-అరబ్ మదర్సా మళ్ళీ తెరిచారు. పదుల సంఖ్యలో హాజీలను మక్కాకు పంపారు. ఇది కొంచెం ఊపిరి ఆడనిచ్చిన మార్పే. ఆ ముఫ్తీలను గుడ్డిగా తిట్టను. ఇల్మ్ నిప్పు పూర్తిగా ఆరిపోకుండా బూడిద కప్పి కాపాడినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. కాని బయటి దేశాల వైపు తిప్పిన కిటికీ అది. అదే రోజుల్లో, 1944 ఫిబ్రవరిలో చెచెన్లను, మే నెలలో క్రిమియా తాతార్లను, ముసలీ ముతకా పిల్లాజెల్లాతో సహా రైలు పెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకు తోలారు. 1917 విజ్ఞప్తిలో పేరు పెట్టి పిలిచిన ఖౌములే ఆ రెండూ. వాళ్ళ సంగతి మన సోవియత్ దేస్‌లో ఎప్పుడైనా వచ్చిందా అని ఖాలూ పెట్టెంతా వెతికాను. తుర్క్‌మెన్ తివాచీలున్నాయి, తాజిక్ దానిమ్మలున్నాయి.

1968 నుంచి తాష్కెంట్ బోర్డు ఒక రిసాలా తెచ్చింది, ‘సోవియట్ తూర్పు ముస్లింలు’ అనే అర్థం వచ్చే పేరుతో. అరబీలో, తర్వాత ఫ్రెంచ్, ఇంగ్లీషు, ఫారసీల్లో. ఉజ్బెక్‌లో కూడా. అయితే ఆ ఉజ్బెక్ ప్రతి అరబీ హర్ఫుల్లో! సొంత దేశంలో ఆ హర్ఫులు చదవగలిగినవాళ్ళు ముసలివాళ్ళు తప్ప మిగల్లేదు. చూపించడానికి అచ్చయిన రిసాలా అది. లోపల రంగుల ఫొటోలు, నిండిన సఫ్‌లు, విదేశీ మెహ్మాన్లు, దస్తర్‌ఖాన్లు. 1979 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో ముస్లిం జాతుల జనం నాలుగు కోట్లు దాటారు. వాళ్ళకు ఇమాములను తయారు చేయడానికి ఒక మదర్సా, 1971లో తెరిచిన ఒక పెద్ద చదువుల ఇదారా. అంతే. ఫొటోలో ఉన్న సఫ్ నిజం. ఫొటో బయట ఉన్నదే కనిపించేది కాదు. బయట ఉన్నది నాస్తిక ప్రచారం కోసం ఊరూరా ఉపన్యాసాలు పెట్టించే ‘జ్నానియె’ సొసైటీ, అదే సర్కారుది.

మెహ్మాన్లను పిలిపించుకుని తిప్పి చూపించడం వాళ్ళు బాగా ఆరితేరిన విద్య. అన్నిసార్లూ పారలేదు. 1979 డిసెంబరులో ఫౌజు అఫ్గానిస్తాన్‌లో దిగింది. మరుసటేడు సెప్టెంబరులో హిజ్రీ పదిహేనో శతాబ్దం పేరుతో తాష్కెంట్‌లో అంతర్జాతీయ ఇస్లామీ సభ పెడితే చాలా దేశాలవాళ్ళు దావత్ కాదన్నారు.

ఆ విద్య సోవియట్‌తో పోలేదు. ఇప్పుడు మరో కమ్యూనిస్టు హుకూమత్ దగ్గర ఉంది. 2017 నుంచి చైనా తన షింజియాంగ్‌లో వీగర్ ముస్లింలను లక్షల సంఖ్యలో క్యాంపుల్లో పెట్టింది. మొదట అసలు క్యాంపులే లేవంది. 2018లో అవి వృత్తి శిక్షణ కేంద్రాలంది. తర్వాత దౌత్యవేత్తలను, పత్రికలవాళ్ళను, ముస్లిం దేశాల వఫ్దులను తీసుకెళ్ళి ఆడుతూ పాడుతూ ఉన్న జనాన్ని చూపించింది. 2019 మార్చిలో ఇస్లామీ దేశాల సంస్థ అబూధాబీ సమావేశంలో, ముస్లిం పౌరుల బాగోగులు చూస్తున్నందుకు చైనాను మెచ్చుకుంటూ తీర్మానం చేసింది. ఆ జూలైలో ఐక్యరాజ్య సమితికి చైనా పక్షాన ఉత్తరం రాసిన 37 దేశాల్లో సౌదీ, పాకిస్తాన్ కూడా ఉన్నాయి. 1917 మాట 1927లో ఏమైందో చదివినవాళ్ళకు ఇందులో హైరానీ లేదు, బాధ ఉంది.

మళ్ళీ మన షహర్‌కు వద్దాం. మన పెద్దలు ఎందుకు నమ్మారు? వాళ్ళు భోళావాళ్ళని ఈ కాలం పిల్లలు అంటుంటే నాకు కోపం వస్తుంది. మఖ్దూమ్ మొహియుద్దీన్ సిటీ కాలేజీలో పాఠం చెప్పిన మనిషి, ఉర్దూ షాయరీలో ఈ మట్టి ఇచ్చిన గొప్ప పేరు, పార్టీ కోసం జైలుకు, అజ్ఞాతంలోకి వెళ్ళిన మనిషి. దేశ్‌ముఖుల వెట్టిని, గడీలను చూసినవాళ్ళకు జమీందార్లు లేని దేశం అంటే ఖ్వాబ్. 1948 తర్వాత ఉర్దూ ముసల్మానుకు ఈ షహర్‌లో కాళ్ళ కింద నేల జారింది. నౌకరీలు పోయాయి. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో ఉర్దూ పక్కకు జరిగి ఇంగ్లీషు వచ్చింది. అట్లాంటి వేళ, సమర్‌ఖంద్, బుఖారా అనే పేర్లతో, శుద్ధమైన ఉర్దూలో, అందమైన నస్తాలీఖ్‌లో ఒక రిసాలా ఇంటికొచ్చి మీలాంటివాళ్ళు ఇక్కడ డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు అని చెబితే ఎవరు నమ్మరు? పైగా అది అబద్ధం కూడా కాదు. అయ్యారు. 1966 జనవరి 10న తాష్కెంట్‌లోనే మన శాస్త్రీజీ, పాకిస్తాన్ అయూబ్ ఖాన్ సుల్హ్ సంతకాలు చేశారు. సరిహద్దుకు అటూ ఇటూ చుట్టాలున్న మన ఇళ్ళలో ఆ ఊరి పేరు దువాలా వినిపించేది. శాస్త్రీజీ మర్నాటి తెల్లవారుజామున అక్కడే పోయారు, అల్లాహ్ ఆ దుఃఖం కూడా రాసిపెట్టాడు.

అవతలి పక్షం ఊరికే లేదు. అమెరికా వాళ్ళ ‘స్పాన్’ పత్రిక 1960 నుంచి ఇంతకన్నా నున్నటి కాగితం మీద వచ్చేది. అందులో అలబామా పోలీసు కుక్కలు ఎంతమేరకు కనిపించేవో, ఇందులో చెచెన్ల రైళ్ళు అంతే.

ఇప్పుడొక వింత చెబుతాను. 1970ల తర్వాత వచ్చిన ఉర్దూ సోవియట్ కితాబులు కొన్ని తీసి చివరి పేజీ చూడండి. దారుల్ ఇషాఅత్ తరఖ్ఖీ, తాష్కెంట్ అని ఉంటుంది. ఆ తర్వాతి పిల్లల పుస్తకాల మీద రాదుగా, తాష్కెంట్. మన జబాన్ల పని కోసం మాస్కో అక్కడ శాఖ తెరిచింది. ఏ షహర్‌లో అరబీ హర్ఫుల కితాబును గోడలో దాచుకోవలసి వచ్చిందో అదే షహర్‌లో, అవే హర్ఫులను పొందిగ్గా పేర్చి, హైదరాబాద్, లాహోర్, లక్నో పిల్లల కోసం అచ్చేశారు. ఆ ప్రెస్ బయట సడక్ మీద నడిచే ఉజ్బెక్ పిల్లాడు ఆ కితాబు పేరు కూడా కూడబలుక్కోలేడు. మనకు పంపిన ఎహ్సాన్, వాళ్ళకు చేసిన జుల్మ్, రెండూ ఒకే హర్ఫుల్లో ఉన్నాయి. పోయిన రంజాన్‌లో కొండాపూర్‌లో ఇఫ్తార్ తర్వాత ఈ మాట చెబితే ఖాలూ చాలాసేపు ఏమీ అనలేదు. పోతా మాత్రం కితాబు తీసుకుని తిప్పి చూశాడు. వాడికి తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, హిందీ వచ్చు. ఉర్దూ చదవడం రాదు. ‘చిచ్చా, ఇందులో ఏముంది?’ అన్నాడు. ఇక్కడ ఏ హుకూమతూ వాడి హర్ఫులను గోడలో పెట్టించలేదే అని మనసులో అనుకుని, చదివి వినిపించాను.

అదే రాత్రి దాదాకూ పోతాకూ చిన్న జగడం. వాడి ఫోన్‌లో ఒక వీడియో, కూలిన మీనార్లు, మీద భయం గొలిపే సంగీతం. ‘ఇదంతా అమెరికా ప్రాపగండా’ అన్నారు ఖాలూ. ‘మీ పెట్టెలో ఉన్నదేంటి దాదా మరి?’ అన్నాడు వాడు. ఆ వీడియోలో ఒక మీనార్ బుఖారాది కానే కాదు, ఇరాక్‌లో ఐఎస్ వాళ్ళు పేల్చినది. మోసుల్ వంకర మీనార్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. నిజంగా జరిగిన జుల్మ్‌ను చెప్పడానికి కూడా దొంగ బొమ్మ ఎందుకో నాకు బోధపడదు.

వాళ్ళిద్దరికీ ఇష్టమైన కితాబు ఒకటే కావడం తమాషా. చింగీజ్ ఐత్‌మాతోవ్ రాసిన ‘జమీల్యా’. తెలుగులో చదివినవాళ్ళు మన ఇళ్ళలో చాలామందే ఉంటారు. యుద్ధకాలపు కిర్గిజ్ పల్లె, బండ్ల మీద ధాన్యం బస్తాలు, అత్తింట్లో నవ్వు ఆపుకోలేని కోడలు, పాట పాడే పరాయి మనిషి. సోవియట్ ప్రచురణాలయాలు ఐత్‌మాతోవ్‌ను దునియా అంతా తిప్పాయి, వెనకబడిన జాతిని సోషలిజం ఎక్కడికి తెచ్చిందో చూడండి అన్నట్టు. ఆయన నిజంగా గొప్ప రచయిత, ఆ గొప్పతనం ఎవరూ ఇచ్చింది కాదు. వాళ్ళు చెప్పనిది ఇంకోటి ఉంది. ఆయన అబ్బా తోరేకుల్ ఐత్‌మాతోవ్ కిర్గిజ్ కమ్యూనిస్టుల్లో పెద్ద నాయకుడు. 1937లో మాస్కోలో చదువుకుంటుండగా పట్టుకుపోయారు. బేటాకు అప్పటికి తొమ్మిదేళ్ళు. తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో, ఖబర్ ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. 1963లో వచ్చిన నవలను ఐత్‌మాతోవ్ అబ్బాకూ అమ్మీకీ అంకితం ఇస్తూ, నిన్ను ఎక్కడ పాతిపెట్టారో నాకు తెలియదు అనే భావంతో రాసుకున్నాడు. ఆ రచయితకు లెనిన్ ప్రైజు వచ్చిన ఏడాది కూడా 1963నే.

1991లో, సోవియట్ యూనియన్ విరిగిపోతున్న రోజుల్లో, బిష్కెక్ దగ్గర చోన్-తాష్ అనే చోట పాత ఇటుక బట్టీ గోతి ఒకటి తవ్వారు. అక్కడ కాపలా ఉన్న ఒక మనిషి ఏళ్ళ తరబడి దాచి, పోయేముందు తన బేటీకి చెప్పిన రహస్యం అది. 1938లో కాల్చి పడేసిన నూట ముప్ఫైకి పైగా మనుషుల ఎముకలు బయటపడ్డాయి. ఒకరి బట్టల్లో మడిచిన కాగితం, ఆరోపణల పత్రం, దాని మీద తోరేకుల్ పేరు. ఆ చోటుకు ‘అతా-బెయిత్’ అని పేరు పెట్టారు, తండ్రుల సమాధి అని అర్థం. అందరినీ అక్కడే తిరిగి దఫన్ చేశారు. 2008 జూన్‌లో చింగీజ్ ఐత్‌మాతోవ్ పోయినప్పుడు ఆయన ఖబర్‌నూ అక్కడే, అబ్బాకు దగ్గర్లో తవ్వారు.